గడువు ముంచుకొనివచ్చిన చదువు

సమస్య



నేను ఖమ్మములో ఒక డయాగ్నస్టిక్ సెంటరునందు ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేయుచున్నాను. నిత్యము చేయు రక్తపరీక్షల వెనుకనున్న శాస్త్రమును తెలిసికొనవలెనను కోరికతో, ఎవరి వీలునుబట్టి వారు చదువుకొనదగిన ఆన్‌లైన్ బయోకెమిస్ట్రీ కోర్సులో రుసుము చెల్లించి చేరితిని. నైట్ డ్యూటీలవలనను, మామగారి అనారోగ్యమువలనను పాఠములు వాయిదా పడుచువచ్చి, సగమైనను పూర్తికాక మునుపే నెలాఖరు గడువు దగ్గరపడినది. ఇప్పుడు వీడియోలను రెట్టింపు వేగముతో పెట్టుకొని అర్ధరాత్రి దాటువరకు చూచుచున్నాను. చూచుచున్నంతసేపు అంతయు తెలిసినట్లే యుండును. ప్రశ్నల యెదుట కూర్చుండగానే ఏమియు తోచదు. తోటివారెవరో జవాబులన్నియు ఫోనుకు పంపెదమనుచున్నారు. సర్టిఫికెట్టు కొరకు వానిని చూచి వ్రాయుదునా? లేక ఈ చదువు నావంటివారికి కాదని మానివేయుదునా?

— ఒక సోదరి

సలహా

అమ్మా,

మానివేయవద్దు, జవాబులు చూచియు వ్రాయవద్దు. దినమంతయు ఇతరుల రక్తపు నమూనాలకు నిజమైన విలువలు వ్రాయు చేతితో, నీ పేరిట నిజము కాని మార్కులు వ్రాసికొనుట నీకు తగదు.

కళాశాలలో గంట మ్రోగించు బాధ్యత వేరొకరిది; వీలునుబట్టి చదువు కోర్సులో ఆ బాధ్యతయు విద్యార్థిదే. ఇల్లు, ఉద్యోగము, రోగి, ఈ మూడును ప్రతిదినము పిలుచుచుండగా, పిలువని పాఠము వెనుకబడుట సహజమే గాని అది నీ బుద్ధిలోపము కాదు.

చూచినంతసేపు తెలిసినట్లుండి పిదప తోచకపోవుటయు నీ యొక్కదానికే కలిగినది కాదు. 2006లో ప్రకటితమైన పరిశోధనలో రోడిగర్, కార్పిక్ అను అమెరికా మనశ్శాస్త్రవేత్తలు, కొందరు విద్యార్థులచే గద్యభాగములను మరల మరల చదివించి, మరికొందరిచే చదివినదానిని జ్ఞాపకమునుండి వ్రాయించి చూచిరి. అయిదు నిమిషముల తరువాతి పరీక్షలో మరల చదివినవారే మిన్నగా నుండిరి. వారము గడచునప్పటికి జ్ఞాపకమునుండి వ్రాసినవారు వారిని మించిరి.

కావున కాలము చాలనప్పుడు తగ్గింపవలసినది వీడియోలనే గాని ప్రశ్నలను కాదు. ముందుగా ప్రశ్నలను చదివి, వానికి కావలసినంత భాగమునే మామూలు వేగముతో విని, వీడియో ఆపి, తెలిసినంతవరకు కాగితముపై వ్రాయుము. తప్పినచోటికే మరల పొమ్ము. ఎంజైముల అధ్యాయమును మాత్రము విడువకుము, ఏలయనగా మెటబాలిజమంతయు దానిపైననే నిలిచియున్నది. కణములు గ్లూకోజును విడగొట్టు మార్గమైన గ్లైకాలిసిస్‌లోని పది మెట్లను బట్టీపట్టుటకు రాత్రులు వెచ్చింపక, వెనుకకు మరలరాని మూడు మెట్లను నడపు హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, పైరువేట్ కైనేజ్‌లను మొదట పట్టుకొనుము. ఆ మార్గమునకు అదుపు ముఖ్యముగా అచ్చటనే యున్నది.

పుస్తకముతోడనే చదువువారికి లేని బలము నీకొకటి గలదు. గ్లూకోజ్ పరీక్షకు నీవు వాడు బూడిదరంగు మూత ట్యూబులోని సోడియం ఫ్లోరైడ్, గ్లైకాలిసిస్ తొమ్మిదవ మెట్టును నడపు ఈనోలేజ్‌ను అడ్డుకొని, రక్తకణములు చక్కెరను హరింపకుండ కాపాడుచున్నది. అయినను తొలి ఒకటి రెండు గంటలలో గ్లూకోజ్ కొంత తగ్గుచునే యుండును. ఏలయనగా అడ్డు తొమ్మిదవ మెట్టుకడ నున్నది, గ్లూకోజును పట్టుకొను హెక్సోకైనేజ్ మొదటి మెట్టుకడ నున్నది. నీ చేతిలోని ట్యూబునుండి ఇట్టి ప్రశ్నలు పుట్టింపగల నీవు ఈ శాస్త్రమునకు పరాయిదానవు కావు.

ఇంటి పరిస్థితి తెలుపుచు, గడువు పొడిగింపుడని కోర్సువారికి నేడే వ్రాయుము. మామగారి సేవలో దినమునకొక గంటయైనను పంచుకొనుమని నీ భర్తను అడుగుము. చదువు నీ యొక్కదానిదైనను, దాని ఫలము ఇంటిల్లిపాదిది. నైట్ డ్యూటీ చేసివచ్చిన దినమున పాఠము పెట్టుకొనక నిద్రింపుము, నిద్ర చాలని మనస్సునందు చదివినది నిలువదు. ఇంత చేసినను ఈ నెల సర్టిఫికెట్టు రాకున్నచో మరల చేరి సంపాదింపవచ్చును. ఎంజైముల అధ్యాయమువరకైనను స్వబుద్ధితో పూర్తిచేసినచో, అప్పటికి నీవు మొదటినుండి ఆరంభింపవలసిన పని యుండదు.