బంతి టేబుల్ దాటిపోతోంది... ఏ బ్లేడ్ కొనాలి?

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. టేబుల్ టెన్నిస్ నేర్చుకుంటున్నాడు. ఈమధ్యే కార్బన్ బ్లేడ్ కొనిచ్చాం. అప్పట్నుంచి బంతి టేబుల్ దాటిపోతోంది. ఏం చేయాలి?
- ఓ పాఠకుడు, జనగామ

జవాబు: తప్పు మీ బాబుది కాదండీ, బ్లేడుది, అంటే బ్యాట్‌లోని చెక్క భాగానిది. కార్బన్ పొర చెక్కను బిగువుగా చేస్తుంది. బంతి తగలగానే ఎగిరిపోతుంది. ఆటపై పట్టు ఇంకా కుదరని వయసులో ఆ వేగాన్ని అదుపు చేయడం కష్టం. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ చేరిన మన హైదరాబాదీ ఆకుల శ్రీజ స్థాయి ఆటగాళ్ల సామగ్రి చూసి కొనకండి.

ఆల్‌రౌండ్ రకంలో, పూర్తిగా చెక్కతో చేసిన 5 పొరల బ్లేడ్ తీసుకోండి. మందం 5.5 నుంచి 6 మి.మీ., బరువు 80-85 గ్రాములు ఉంటే చాలు. రెండు వైపులా 1.8 మి.మీ. స్పాంజ్ ఉన్న మెత్తని రబ్బర్లు అతికించండి. పిడి బాబు చేతిలో పెట్టి చూడండి. బిగించి పట్టుకోకుండానే నిలవాలి, మణికట్టు సులువుగా తిరగాలి. అందుకే ఆన్‌లైన్‌లో కొనేముందు హనుమకొండలో ఏదైనా దుకాణానికి వెళ్లి ఓసారి పట్టుకుని చూడటం మేలు. కొన్నాక కనీసం ఏడాది బ్లేడ్ మార్చకండి. రబ్బరుపై బంతి జారుతుంటే రబ్బరు ఒక్కటే మార్చండి.

రెండు నెలలైనా బంతి అదుపులోకి రాకపోతే కోచ్‌కి బాబు ఆట చూపించండి. మణికట్టు, మోచేయి నొప్పి వారం దాటినా తగ్గకపోతే ఆట ఆపి ఎముకల డాక్టర్‌ని కలవండి.