సీసాలో పెరుగు అడవితీగ

పల్లెటూళ్ళ వసారాలలో సైతము నేడు కానవచ్చు మనీప్లాంటు మన దేశపు తీగ కాదు. పసిఫిక్ మహాసముద్రమందలి సొసైటీ దీవులలో మూరియా అను చిన్న దీవి దాని పుట్టినిల్లు. అది మన చేమ, కందల కుటుంబములోనిదే. ఇంట ధనము చేర్చునను మాటను మేము పరీక్షించి చూడలేదు.

సీసాలో అరచేయి పాటి ఆకులు వేయు ఈ తీగ, తేమగల అడవిలో కణుపువేళ్ళతో చెట్టుమ్రానును పట్టుకొని 20 మీటర్ల వరకు ప్రాకును. పైకి పోయినకొలది ఆకులు మూరెడు దాటి పెరిగి, అంచులు చీలును. క్రిందికి వ్రేలాడినచో మరల చిన్నవగును. అనగా మనము ఇంటిలో చూచునది ఎదుగని పిల్లతీగ మాత్రమే. ఇది పూయుట మిక్కిలి అరుదు. పూతకు వలయు జిబ్బరెలిన్ అను పదార్థము ఇందు సరిగా తయారు కాకపోవుటయే కారణమని 2016లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. అయినను విత్తనముతో దీనికి పని లేదు. కణుపు ముక్క ఒకటి తడినేలపై పడిన చాలును. శ్రీలంకలో కాండీ నగరము చెంతనున్న ఉడవత్తకెలె అడవిలో ఎకరముల కొలది నేలను ఈ తీగ కప్పివేసినది.

కావున కత్తిరించిన తీగలను కాలువగట్లపై పారవేయరాదు. పశువుల ముందు వేయరాదు. పచ్చికందలో నోటిని దురదపెట్టు సూదులవంటి స్ఫటికములే ఇందును కలవు. ప్రాకెడు పిల్లలకు అందని ఎత్తున సీసాను ఉంచి, వారమున కొకసారి నీరు మార్చినచో దోమపిల్లలు చేరవు.