బ్రాంచ్ పేరు లేని బీటెక్‌లో చేరొచ్చా?

ప్రశ్న: నాకు ఐఐటీ మండిలో జనరల్ ఇంజినీరింగ్ సీటు వచ్చేలా ఉంది. ఉద్యోగాలకు ఇబ్బందవుతుందా?

జవాబు: సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు బ్రాంచ్ కన్నా కోడింగ్, ప్రాజెక్టులే చూస్తాయి. చిక్కల్లా ప్రభుత్వరంగ సంస్థలతోనే. నోటిఫికేషన్‌లో మెకానికల్, ఎలక్ట్రికల్ అని స్పష్టంగా రాస్తారు. మీ డిగ్రీలో ఆ మాట లేకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోవచ్చు. పాత నోటిఫికేషన్లు ఒకసారి తిరగేయండి. ఎంటెక్ ఆలోచనుంటే గేట్‌లో ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్) పేపరుంది: మ్యాథ్స్ తప్పనిసరి, ఫ్లూయిడ్ మెకానిక్స్, థర్మోడైనమిక్స్ లాంటి వాటిలో రెండు ఎంచుకోవాలి. చేరితే మాత్రం రెండో ఏడాది చివరికల్లా ఒక దారి తేల్చుకుని, ఎలక్టివ్‌లన్నీ ఆ వరసలోనే తీసుకోండి. తలా ఒక దిక్కు సబ్జెక్టులు చదివితే ఇంటర్వ్యూలో గట్టిగా చెప్పుకోడానికేమీ మిగలదు. మనసు ఇప్పటికే మెకానికల్ మీదుంటే, మరో మంచి కాలేజీలో ఆ బ్రాంచే తీసుకోమంటాను.