చెరువు పక్కన ఇల్లు: మీ హక్కు ఎంతవరకు, ఊరి హక్కు ఎక్కడినుంచి?

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల అంచుల్లో చెరువుగట్లను ఆనుకుని లేఅవుట్లు లేస్తున్నాయి. సాయంత్రం చల్లగాలికి నడవొచ్చనీ, పిల్లలు నీళ్లు, పక్షులు చూస్తూ పెరుగుతారనీ జనం ఇష్టపడి కొంటున్నారు. ఆ ఇష్టం మంచిదే. కానీ స్థలం మీదైనా చెరువు ఊరిదేనని ముందే తెలుసుకుంటే ఆ ప్రశాంతత నిలుస్తుంది. తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులివి.

మా లేఅవుట్ చెరువుకు ఆనుకుని ఉంది. చెరువు మీద మాకు ప్రత్యేక హక్కు ఉంటుందా?

ఉండదు. మీ దస్తావేజు మీ ప్లాటుకూ, లేఅవుట్‌లోని రోడ్లు, పార్కుల వంటి ఉమ్మడి వసతులకే పరిమితం. చెరువు పోరంబోకు అయితే అందులో మీకున్నది ఊళ్లో అందరికీ ఉన్న హక్కే. జిరాయితీ (పట్టా) భూమిలో సొంత ఖర్చుతో తవ్వుకున్న కొలను సంగతి వేరు. దాని వాడకానికి మీ సంఘం నియమాలు పెట్టుకోవచ్చు. అయినా గెడ్డ (వాగు) నీటికి అడ్డుకట్ట వేసి కింది రైతుల పొలాలు ఎండగట్టే హక్కు ఎవరికీ లేదు. సాగునీటికి కావాలని అడ్డుపడితే భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు.

ఇది జమీందారీ చెరువు, వారసుల దగ్గర కొన్నామంటున్నారు. నమ్మొచ్చా?

కాగితాలు చూడకుండా నమ్మకండి. ఈ రెండు జిల్లాల్లో చాలా భాగం ఒకప్పుడు విజయనగరం, బొబ్బిలి వంటి సంస్థానాల కింద ఉండేది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో ఎస్టేట్లలోని ఉమ్మడి భూములు, పోరంబోకులు, చెరువులు, సాగునీటి కట్టడాలు ప్రభుత్వానికి దఖలుపడ్డాయి. తవ్వించినవారి పేరు చెరువుకు మిగిలి ఉండొచ్చు. ఆ పేరుతో యాజమాన్యం రాదు.

కొనేముందు ఏమేం చూడాలి?

అడంగల్, 1బి మాత్రమే చాలవు. సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) పటం తీసుకుని చెరువు గర్భం హద్దు ఎక్కడుందో సర్వేయరు చేత కొలిపించండి. పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో ఆ నంబరు చెరువుగానో, గెడ్డగానో, బంద (చిన్న చెరువు)గానో నమోదై ఉందేమో చూడండి. రిజిస్ట్రేషన్ నిషేధిత 22ఏ జాబితాలో వెతకండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నమోదు అడగండి. చివరిగా, వేసవిలో కాక వానలు దంచికొట్టాక ఒకసారి వెళ్లండి. మదుం (తూము) ఎక్కడుందో, మిగులు నీరు ఎటు పొర్లుతోందో కళ్లారా చూడండి. మన తుపానులు ఎక్కువగా అక్టోబరులోనే వస్తాయి: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ. పొర్లునీటి దారిలో కట్టిన ఇంటిని ఏ దస్తావేజూ కాపాడదు.

నీటికి ఎంత దూరంలో కట్టాలి?

2017 రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువైతే 9 మీటర్లు వదలాలి. ఆ జాగాలో పచ్చదనం పెంచుకోవచ్చు, నడకబాట వేసుకోవచ్చు, ఇల్లు కట్టకూడదు. ప్లాను పెట్టేముందు తాజా నిబంధన ఏమిటో పట్టణ ప్రణాళిక అధికారిని అడగండి.

భద్రత కోసం గేటు పెట్టి, రేవుకు వెళ్లే దారి మూసేయొచ్చా?

వద్దు. ఆ రేవును ఒక ఉదయం నిలబడి చూడండి. రజకుల బండలు తరాల వాడకంతో నున్నగా అరిగి ఉంటాయి. పక్కనే పశువులు దిగే చోట మట్టి గిట్టల గుర్తులతో నిండి ఉంటుంది. 1882 ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం ప్రైవేటు భూమిలోంచి ఇరవై ఏళ్లు హక్కుగా, బాహాటంగా, నిరాటంకంగా నడిచిన దారి హక్కుగా స్థిరపడుతుంది. మీకంటే ముందునుంచి ఆ నీటిమీద బతికేవాళ్లు మీ ఇరుగుపొరుగువాళ్లే.

బోటు, ఈత, గాలం?

చేపల హక్కు చాలా చెరువుల్లో మత్స్యకార సహకార సంఘానికో, పాటదారుకో లీజుకు ఉంటుంది. వారినడగకుండా గాలం వేయకండి. అనుమతి లేని బోటు వద్దేవద్దు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి. లైఫ్‌జాకెట్ లేకుండా ఎవర్నీ ఎక్కించకండి. పూడిక తీసిన గోతులు పైకి కనబడవు, పిల్లల్ని ఒంటరిగా ఈతకు వదలకండి.

పార్టీలు, పాటలు?

రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నిషేధం. నిశ్శబ్దం మనుషుల నిద్రకే కాదు, పక్షులకూ కావాలి. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. ఊరు ఊరంతా వాటిని తమవిగా చూసుకుంటుంది. అడవి పక్షుల్ని వేటాడినా, గూళ్లు చెదరగొట్టినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం.

పండగలకు ఊరి జనం చెరువుకు వస్తే కాలనీవాళ్లు ఆపొచ్చా?

ఆపలేరు, ఆపకూడదు కూడా. విజయనగరం పెద్దచెరువులో దొరికిందని నమ్మే పైడితల్లి అమ్మవారికి సిరిమానోత్సవం తర్వాత తెప్పోత్సవం ఆ చెరువులోనే జరుగుతుంది. చెరువు మన జిల్లాల్లో దేవతకు పుట్టిల్లు. కార్తీక దీపాలకు వచ్చే ఆడపడుచులకు మీ వీధిదీపం వెలిగించి ఉంచండి, చెత్తకు ఒక డబ్బా పెట్టండి.

చెరువు పూడుస్తున్నారు. ఏం చేయాలి?

తేదీతో ఫొటోలు తీసి తహసీల్దారుకు, జలవనరుల శాఖకు, పంచాయతీకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి. సమాచార హక్కు కింద హద్దుల నకలు అడగండి. గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు రూపాయలు, ఆపైన పది. తిరుపతి దగ్గరి అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో సుప్రీంకోర్టు, ప్రభుత్వం ఇలాంటి వనరులకు ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించే పథకాలు వేయాలని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

సోంపేట బీలను గుర్తుంచుకోండి. పనికిరాని నేలగా లెక్కగట్టిన ఆ తడినేల మీద రైతులు, మత్స్యకారులు బతుకుతున్నారు. థర్మల్ కేంద్రం వద్దని నిలబడితే 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదేరోజు పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి రద్దు చేసింది. వాళ్లు అంత మూల్యం చెల్లించి నిలబెట్టిన హక్కును కాపాడటానికి మనకు అర్జీ కాగితం, పది రూపాయలు చాలు. మీ చెరువు హద్దుల నకలు కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి.