అలసటను స్కానులో వెతికే మనవరాలికి

పట్టిసీమ,
రోహిణి కార్తె.



నీ ప్రాజెక్టు కాగితం చదివాను. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్ళ అలసటను మెదడు స్కానుతో పరిశీలిస్తానంటున్నావు. మంచి పనే పెట్టుకున్నావు. కానీ మొదటి పేజీలో ‘రోగి చెప్పే అలసట నిజమో కాదో స్కాను ద్వారా నిర్ధారించుట’ అని రాశావు చూడు, ఆ వాక్యం కొట్టెయ్యి. ఎందుకో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఈ జబ్బులో ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలే నరాల మీది మయలిన్ పొరను దెబ్బతీస్తాయి. ఎక్కువగా ఇరవై, నలభై ఏళ్ళ మధ్య మొదలవుతుంది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. మన దేశంలో అరుదనేవారు. ఎంఆర్ఐ యంత్రాలు జిల్లాలకి వచ్చాక ఆ మాట బలం తగ్గింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇదీ ఉంది. చూపు మసకబారితే డాక్టరు పరీక్షించగలడు. నడక తూలితే వీధిలోవాళ్ళు కూడా చూస్తారు. అలసట అలా కంటికి ఆనదు. అయినా రోగుల్లో నలుగురికి ముగ్గురు దాన్ని గురించే మొరపెట్టుకుంటారు. మనవైపు ఇళ్ళలో దాన్ని ఏమంటారో నీకు తెలియనిదా? బద్ధకం, ఒళ్ళు వంగకపోవడం, పనిదొంగతనం. పొద్దున్న పదింటికే మంచమెక్కే కోడలి తరఫున మాట్లాడేవాళ్ళెవరు? అందుకే నీలాంటి మనసున్న పిల్లకి స్కానును సాక్షిగా నిలబెట్టాలనిపిస్తుంది. ఆ సాక్షి అనుకూలంగా చెబితే సరే. చెప్పకపోతే? మిషన్ కూడా ఏమీ లేదందిగా అంటారు. అప్పుడా కోడలికి ఇంకెవరు దిక్కు?

చెప్పకపోవడానికి అవకాశం చాలా ఉంది. ఈ జబ్బు మచ్చలు ఎంఆర్ఐలో పడతాయని 1981లోనే తెలిసింది. ఇప్పుడు ఆ మచ్చలను లెక్కగట్టడం ఒక పెద్ద విద్య. హ్యూస్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో పొన్నాడ నారాయణగారు ఏళ్ళ తరబడి ఈ కొలతల మీదే పనిచేశారు. కాంబిఆర్ఎక్స్ అనే మందుల పరీక్షలోని వెయ్యిమంది పైచిలుకు రోగుల చిత్రాలతో కంప్యూటరుకు శిక్షణ ఇచ్చి, రంగుమందు ఎక్కించకుండానే చురుగ్గా ఉన్న మచ్చలను పసిగట్టవచ్చని 2020లో చూపించే ప్రయత్నం చేశారు. ఆయన వ్యాసాలు వెతికి చదువు. కానీ ఎంత బాగా లెక్కపెట్టినా, మచ్చలు ఎక్కువున్నవాళ్ళే ఎక్కువ అలసిపోతారని తేలలేదు. 1990ల చివర్లో వచ్చిన పరిశీలనల్లో ఈ రెండిటికీ పొత్తు కుదరలేదు. ఒంట్లో ఏమీ లేదనిపించే స్కానుతో కుర్చీలోంచి లేవలేని మనిషి ఉంటుంది, మెదడంతా మచ్చలతో స్కూల్లో పాఠం చెప్పే మనిషీ ఉంటుంది.

మరి పని చేస్తున్న మెదడును చూస్తే? ఈ కోరిక పాతదే. ఇటలీలో ఆంజెలో మొస్సో 1880లలో మనిషిని త్రాసులాంటి బల్ల మీద పడుకోబెట్టి, ఆలోచిస్తున్నప్పుడు రక్తం తలవైపు మొగ్గుతుందేమో చూశాడు. ఆయనే 1891లో అలసట మీద పుస్తకమూ రాశాడు. నీ ప్రాజెక్టుకి ముత్తాత అన్నమాట! వందేళ్ళ తరువాత 1990లో సెయ్‌జి ఒగావా రక్తంలోని ఆక్సిజన్ తేడానే ఎంఆర్ఐలో గుర్తుగా వాడుకున్నాడు. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌కి అయస్కాంతం దగ్గర ప్రవర్తన వేరు. ఫంక్షనల్ ఎంఆర్ఐకి పునాది అదే. ఇందులో నీకు దొరికే మార్పు నూటికి ఒకటి రెండు పాళ్ళు మాత్రమే. ఇది మరిచిపోకు.

1997లో స్విట్జర్లాండులో రోల్కె బృందం పెట్ స్కానుతో చూసింది. అలసట ఎక్కువున్న రోగుల మెదడు ముందుభాగమూ, లోపలి బేసల్ గాంగ్లియా గ్లూకోజును తక్కువగా వాడుతున్నాయని కనుక్కున్నారు. 2008లో అమెరికాలో జాన్ డెలూకా బృందం పదిహేనుమంది రోగులకీ పదిహేనుమంది ఆరోగ్యవంతులకీ గుర్తులనూ అంకెలనూ జతచేసే పని ఇచ్చి, స్కానరులో మళ్ళీ మళ్ళీ చేయించింది. ఆరోగ్యవంతుల మెదడు అలవాటుపడి సద్దుమణిగింది. రోగుల మెదడు పోనుపోనూ ఇంకా శ్రమపడింది. తప్పులు మాత్రం పెద్దగా పెరగలేదు.

ఒకరు తక్కువన్నారు, ఒకరు ఎక్కువన్నారు, ఎవరిది అబద్ధం అని అడుగుతావు. ఎవరిదీ కాదు. పెట్ స్కాను చాలాసేపటి వాడకాన్ని కూడి చెబుతుంది. ఫంక్షనల్ ఎంఆర్ఐ ఈ నిమిషానికీ ఆ నిమిషానికీ తేడా చెబుతుంది, అసలు మొత్తం చెప్పదు. మన ఊరి ఎత్తిపోతలనే చూడు. 24 పంపులు గోదావరి నీళ్ళు తోడి కాలవలో పోస్తాయి. ఎక్కడో గొట్టం కారుతుంటే, అవే నీళ్ళు అందించడానికి మోటార్లు ఎక్కువసేపు తిరగాలి. కాలవ గట్టున నుంచుని చూసేవాడికి తేడా తెలియదు, కరెంటు బిల్లులో తెలుస్తుంది. డెలూకా చూసింది ఆ బిల్లు. నువ్వు అడగాల్సిన ప్రశ్న కూడా అదే: అదే పనికి ఈ మెదడు ఎంత ఖర్చుపెడుతోంది, గంట గడిచేసరికి ఆ ఖర్చు ఎలా పెరుగుతోంది? అయితే ఖర్చు పెరగడమూ, అలసిపోయాననిపించడమూ ఒకటి కావు. అందుకే పని మధ్య విరామం వచ్చినప్పుడల్లా, ఇప్పుడెంత అలసటగా ఉంది అని రోగినే అడుగు. ఆమె చెప్పిన అంకె పక్కన స్కానును పెట్టి చూడు. స్కాను పక్కన ఆమెను కాదు.

ఇప్పుడు పనిలో పడే గోతులు. అలసిన మనిషి తల కదిలిస్తుంది. తల కదిలితే బొమ్మలో దొంగ వెలుగులు వస్తాయి. అలసట ఎక్కువైన కొద్దీ వెలుగులూ ఎక్కువైతే, నువ్వు కనుక్కున్నది మెదడును కాదు, మెడను!

రెండోది ఎండ. జర్మనీ కంటి వైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే రాశాడు, శ్రమపడితే ఈ రోగుల చూపు కాసేపు మందగిస్తుందని. అసలు కారణం ఒంటివేడి అని తరువాత తేలింది. పొర పోయిన నరంలో వేడి కొంచెం పెరిగినా సంకేతం నిలిచిపోతుంది. మనూరి నుంచి ఎవరైనా ఈ కార్తెలో తాళ్ళపూడి, కొవ్వూరు మీదుగా వంతెన దాటి రాజమండ్రి స్కాను సెంటరుకి మధ్యాహ్నం చేరితే, నువ్వు కొలిచేది జబ్బునా బస్సునా? అందరినీ పొద్దున్నే పిలిపించు. చల్లని గదిలో కూర్చోబెట్టి, ఒంటివేడి రాసుకో. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, దిగులు ముందే చూడు. మన ఆడవాళ్ళలో మొదటి రెండూ ఇంటింటికీ ఉన్నవే. కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్ వేసుకుంటున్నారేమో కూడా అడుగు, మగతకి అదే కారణం కావచ్చు.

ఇంత తంటా ఎందుకంటావా? అమాంటడిన్, మోడఫినిల్, మిథైల్‌ఫెనిడేట్, ఇవి ఏళ్ళుగా ఈ అలసటకి రాస్తూ వచ్చిన మందులు. 2021లో లాన్సెట్ న్యూరాలజీలో వచ్చిన పరీక్షలో 141 మందిని చూస్తే, ఈ మూడూ ఉత్తుత్తి మాత్రను మించలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళకీ అలసట కొంత తగ్గింది. అలసటంతా డోపమిన్ అనే మెదడు రసాయనం లోటే అన్నవాళ్ళకి, ఆ డోపమిన్‌ను పెంచే మిథైల్‌ఫెనిడేట్ కూడా గెలవకపోవడం ఎదురుదెబ్బే. నాకైతే అందరి అలసటా ఒకటే జాతి కాదనిపిస్తుంది. కొందరిది ఖర్చు పెరిగిన అలసట, కొందరిది నిద్రలేనిది, కొందరిది ఎండది. వాళ్ళను విడదీయడానికి నీ చిత్రాలు పనికొస్తే మందులను మళ్ళీ సరైనవాళ్ళ మీద పరీక్షించవచ్చు.

లక్ష్యం మార్చి రాసి పంపు. ఈలోగా మొదటి నలుగురి స్కానులు అయితే, రంగురంగుల మెదడు బొమ్మలు పంపకు. తల కదలికల గ్రాఫులు పంపు, ముందు అవి చూద్దాం.

మీ తాతయ్య