అప్పిచ్చువాడు వాకిటనే నిలువవలెను

పఠనభాగము: ద్వితీయోపదేశకాండము 24:6, 10–13

తాకట్టును గూర్చిన యీ చిన్న భాగమును మన సంఘములలో తరచుగా చదువము. అయితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెలలో అప్పు చేయని కుటుంబములు కొద్ది గనుక, ఈ నెల దీనిని ధ్యానించుట మేలని తలంచుచున్నాము.

వాక్యభావము

అప్పిచ్చినవానికి తాకట్టు పుచ్చుకొను హక్కు కలదు. ధర్మశాస్త్రము ఆ హక్కును కొట్టివేయలేదు. అయితే దాని కొరకు అతడు బాకీదారుని యింటిలోనికి పోరాదు; వెలుపల నిలిచియుండవలెను. ఏ వస్తువు ఇయ్యవలెనో నిర్ణయించి బయటికి తెచ్చువాడు బాకీదారుడే. బీదవాడు కప్పుకొను వస్త్రమును ప్రొద్దు గ్రుంకువేళకు తిరిగి యియ్యవలెను. తిరుగలినైతే తాకట్టు పట్టనే కూడదు. అది వాని జీవనాధారము.

ఇందులో మనము గమనించవలసినది ఒక్కటే. అప్పు చేసినవాడు సొమ్ము బాకీ పడెను గాని, తన గడపను బాకీ పడలేదు. లోపల కుండలో గింజలున్నవో లేవో, మూల పరుపుమీద రోగి యున్నదో చూచు అధికారము ఆ సొమ్ముతో కొనబడదు. బీదవానికిని తలుపు కలదు. ఆ తలుపునకు దేవుడే కావలి.

మన రాష్ట్రములో జరిగినది

ఈ ధర్మము పాతకాలపుది మాత్రమే అనుకొనవద్దు. 2010వ సంవత్సరమున సూక్ష్మ ఋణ సంస్థల వసూలుదారులు ఇండ్లముందు కూర్చుండి స్త్రీలను అవమానపరచుచున్నారను మొర పుట్టినప్పుడు, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అక్టోబరులో ఒక ఆర్డినెన్సు తెచ్చెను. గ్రామ పంచాయతీ కార్యాలయములో గాని, కలెక్టరు నిర్ణయించిన బహిరంగ స్థలములో గాని తప్ప కిస్తీ పుచ్చుకొనకూడదని అందులో విధించెను. రిజర్వు బ్యాంకు నమోదులో ఉన్న సంస్థలకు ఆ చట్టము వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పినది. అయినను 2022లో రిజర్వు బ్యాంకే సూక్ష్మ ఋణములకు నియమములు చేసియున్నది. ఉభయులు ఒప్పుకొన్న చోటనే వసూలు జరుగవలెను. వరుసగా రెండు మారులైనను ఆ చోటికి రానియెడలనే యింటికి పోవచ్చును. ఉదయము తొమ్మిదింటికి ముందును, సాయంత్రము ఆరింటికి తరువాతను ఫోను చేయరాదు. బంధువులను వేధింపరాదు, బాకీదారుల పేళ్లు ప్రకటింపరాదు. మోషే చెప్పిన వాకిలి మరల కనబడుచున్నది కదా!

చేతిలోని గడప

నేడు ఇంటికి రెండవ వాకిలి యున్నది. అది మన చేతిలోని ఫోను. పిల్లల చదువునకో, ఆసుపత్రికో అయిదు వేలు కావలసి, కాగితము లేని అప్పు దొరకునని యాప్ తెరచినప్పుడు, అది మన బంధువుల నంబర్లను, ఫోటోలను చూచుటకు అనుమతి అడుగును. చదువక వ్రేలు పెట్టితిమా, అప్పిచ్చువాడు గడప దాటి లోపలికి వచ్చియున్నాడు. 2020 చివరను మన రాష్ట్రములో ఇట్టి యాప్‌ల వేధింపునకు తాళలేక కొందరు ప్రాణములు తీసికొనిరి. అప్పుడు పోలీసులు పలువురిని అరెస్టు చేసిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, డిజిటల్ అప్పులిచ్చు యాప్‌లు ఫోనులోని నంబర్లను, ఫోటోలను, కాల్ వివరములను ముట్టరాదని ఆజ్ఞాపించెను. కాబట్టి నంబర్లు చూపుమని అడుగు యాప్ ఏదైనను, అక్కడనే తలుపు మూయుడి. మోసపోయినవారు సిగ్గుపడి దాగక 1930 నంబరుకు ఫోను చేయవలెను.

దుకాణములోను ఇంతే. ఉప్పు, సబ్బు కొన్నవారిని ఫోను నంబరు చెప్పుమని బలవంతపెట్టవద్దని 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వర్తకులకు తెలిపెను. వెల యిచ్చితిమి, సరుకు తీసికొంటిమి; అంతటితో లెక్క తీరినది. నెమ్మదిగా "నంబరు ఇయ్యము" అని చెప్పుట గర్వము కాదు.

ఒక అభ్యంతరము

"నీతిమంతునికి దాచవలసినదేమి?" అని కొందరు అడుగుదురు. మా ఉత్తరమేమనగా, తలుపు వేసికొనుట అబద్ధమాడుట కాదు. గదిలోనికి పోయి తలుపు వేసికొని ప్రార్థించుమని ప్రభువే బోధించెను (మత్తయి 6:6). హిజ్కియా దాచినందుకు కాదు, బబులోను దూతలకు తన యిల్లంతయు చూపినందుకే గద్దింపు పొందెను (2 రాజులు 20). మన దేశములోను 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా, వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పిరి.

అయితే ఈ మాటను అప్పు ఎగవేయుటకు సాకుగా పట్టుకొనువారు వాక్యమును సగమే చదివినవారు. వాకిట నిలిచినవానికి తాకట్టును బయటికి తెచ్చి యిచ్చువాడు బాకీదారుడే. ఎవనికిని ఏమియు అచ్చియుండవద్దని పౌలు వ్రాసిన మాట (రోమా 13:8) మనకును చెందును.

మన సంఘముల మాట

పరులను తప్పు పట్టకముందు మన యింటిని చూచుకొందము. సహోదరి తన కుమారుని అప్పును గూర్చియో, తన గర్భస్రావమును గూర్చియో కన్నీటితో చెప్పిన ప్రార్థన మనవి, సాయంత్రమునకు వాట్సాప్ గ్రూపులో పేరుతోసహా తిరుగుచున్నది. ప్రార్థన అను పేరుతో గడప దాటుటయు గడప దాటుటయే. ఆమె అనుమతి లేక పేరు చెప్పవద్దు. దేవునికి పేరు తెలియును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఫోనులో ఏయే యాప్‌లకు నంబర్లు, ఫోటోలు చూచు అనుమతి యిచ్చితిమి? ఈ వారము ఇంటిలోని యువకునితో కూర్చుండి చూడుడి.

2. మనకు బాకీ పడినవారు ఎవరైన ఉన్నారా? వారి వాకిట మనమెట్లు నిలిచితిమి?

3. ఒకరు నమ్మి మనకు చెప్పిన మాటను ఎక్కడ ఉంచితిమి?