బాధ దినములలో విశ్వాసి చేయవలసినది

పఠన భాగములు: కీర్తన 13, యాకోబు 5:13-16, 2 కొరింథీయులకు 12:7-10.
కంఠస్థము చేయవలసిన వచనము: కీర్తన 34:18.



బాధ తొక్కని గడప మన పల్లెలలో ఒక్కటియు లేదు. ఒక యింట బిడ్డ జ్వరముతో పడియుండును. ఒక యింట కోతకు వచ్చిన పంట వానపాలై అప్పు మాత్రము మిగులును. వేరొక యింట పెనిమిటిని పోగొట్టుకొనిన సహోదరి పొయ్యి ముట్టించుటకైనను మనస్సు రాక కూర్చుండును. ఇట్టి యిండ్లలో, ఆదరణ చెప్ప వచ్చినవారి నోట రెండు మాటలు తరచుగా వినబడుచుండును. "విశ్వాసి ఏడువకూడదు" అనునది మొదటిది. "విశ్వాసముండగా మందు ఎందుకు?" అనునది రెండవది.

ఈ రెండును భక్తిగల మాటలవలె తోచును. అయితే వాటి ఫలమును చూడుడి. మొదటి మాట విన్నవాడు తన దుఃఖమును దేవుని యెదుట దాచును. రెండవ మాట విన్నవాడు తన రోగమును వైద్యుని యెదుట దాచును. నలుగురు తన విశ్వాసమును తప్పుపట్టుదురేమో యను భయముచేత ఇద్దరును సంఘము యెదుటను దాచుదురు. దాచిన పుండు మానదు. కాబట్టి ఈ మాసపు పాఠములో మనము నేర్చుకొనవలసిన సంగతి ఒక్కటే: బాధను దాచక, దేవుని యెదుటను, సహోదరుల యెదుటను, వైద్యుని యెదుటను ఉంచుట. లేఖనములు మనకు చూపు స్వస్థతా మార్గము ఇదియే.

1. దేవునికి మొరపెట్టుట

కీర్తనల గ్రంథములో 150 కీర్తనలు కలవు. వాటిలో సుమారు మూడవ వంతు మొరలే. దేవుడు తన ప్రజల చేతికిచ్చిన ప్రార్థన పుస్తకములో ఇంత కన్నీరు ఉండగా, ఏడ్చుట అవిశ్వాసమని మనము ఎట్లు చెప్పగలము?

13వ కీర్తనను తీసికొనుడి. అందు ఆరు వచనములే యున్నవి. మొదటి రెండు వచనములలో "ఎంతవరకు" అను ప్రశ్నయే మరల మరల వినబడును. దావీదు తనను దేవుడు మరచిపోయెనని తోచుచున్న సంగతిని దేవునితోనే చెప్పుచున్నాడు. మూడు, నాలుగు వచనములలో తన్ను చూడుమనియు, ఉత్తరమిమ్మనియు వేడుకొనుచున్నాడు. అయిదవ వచనములో ప్రార్థన మలుపు తిరిగి నమ్మిక లోనికి వచ్చుచున్నది. ఈ మధ్యలో శత్రువు పోయెననిగాని, కష్టము తీరెననిగాని వ్రాయబడలేదు. పరిస్థితి మారక మునుపే ప్రార్థించువాడు మారెను.

హన్నాయును ఇట్లే చేసెను (1 సమూయేలు 1). ఆమె బహుగా ఏడ్చి తన హృదయమును దేవుని సన్నిధిని కుమ్మరించెను. యాజకుడైన ఏలీ ఆమెను మత్తురాలని తలంచెను. ఏడ్చువారిని తొందరపడి తీర్పు తీర్చువారు నేడును లేకపోలేదు. అయితే ప్రార్థించి లేచిన హన్నా వెళ్లి భోజనము చేసెననియు, ఆ తరువాత ఆమె ముఖమున దుఃఖము కనబడలేదనియు 18వ వచనములో చదువుచున్నాము. బిడ్డ ఇంకను కడుపున పడలేదు.

కొందరికి ఈ మలుపు త్వరగా రాదు. అట్టివారి కొరకును ఒక కీర్తన కలదు. 88వ కీర్తన చీకటిని గూర్చిన మాటతోనే ముగియుచున్నది. అదియు పరిశుద్ధ లేఖనమే. నమ్మిక మాటలు నోటికి రాని రాత్రి కూడ మన మొర దేవుని చెవికి చేరునని దానివలన తెలిసికొనుచున్నాము.

2. ప్రార్థనయు మందును

హిజ్కియా రాజు మరణకరమైన రోగములో నుండగా దేవుడు అతని ప్రార్థన విని, ఇంక 15 సంవత్సరముల ఆయుష్షు ఇచ్చెదనని యెషయా ద్వారా వాగ్దానము చేసెను. వాగ్దానము దొరికినది గదా, ఇక మందెందుకని యెషయా అనలేదు. అంజూరపు పండ్ల ముద్దను పుండునకు కట్టుడని చెప్పెను (యెషయా 38:21). వాగ్దానమిచ్చిన దేవుడే కట్టును కూడ కట్టించెను. మంచి సమరయుడు గాయములలో నూనెయు ద్రాక్షారసమును పోసి, కట్టు కట్టి, పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చెను. పౌలుతో కూడ పనిచేసిన లూకా వైద్యుడు (కొలొస్సయులకు 4:14).

మన తెలుగు దేశపు సంఘ చరిత్రయు ఈ సాక్ష్యమునే ఇచ్చుచున్నది. లూథరన్ వైద్యురాలైన అన్నా కుగ్లర్ దొరసానిగారు 1883లో గుంటూరునకు వచ్చి, స్త్రీలకును బిడ్డలకును వైద్యము చేసిరి. 1898లో అచ్చట ఆసుపత్రి తెరవబడెను. నిజామాబాదు ప్రాంతమున డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దొరసానిగారు 1915లో కుష్ఠరోగుల కొరకు ఆసుపత్రి స్థాపించిరి. ఊరివారు వెలుపలికి నెట్టిన రోగులకు అచ్చట ప్రార్థనయు దొరికెను, మందును దొరికెను. ఆ కాలమున మిక్కిలి భయపెట్టిన ఆ వ్యాధి నేడు మాత్రలతో నయమగుచున్నది.

కాబట్టి కొన్ని సంగతులు తేటగా చెప్పుట అవసరము. క్షయవ్యాధికి మందులు సామాన్యముగా ఆరు నెలలు వాడవలెను. రెండు నెలలకే దగ్గు తగ్గెనని, లేక ప్రార్థన కూటములో స్వస్థత కలిగెనని మందు మానివేసినచో వ్యాధి తిరుగబడును, మందునకు లొంగనిదగును, ఇంటివారికిని అంటుకొనును. దేవుని స్తుతించుచునే తుదివరకు మందు వాడవలెను. పాము కరచినప్పుడు ప్రార్థించుడి, అయితే ఆసుపత్రి త్రోవలో ప్రార్థించుడి, ఆలస్యము ప్రాణాంతకము. చక్కెర వ్యాధికి మందు వాడువారు వైద్యుని అడుగక ఉపవాసముండరాదు. రోగి ఉపవాసముండలేని యెడల అతని పక్షముగా మనము ఉండవచ్చును. ఇతరులు రోగులైనప్పుడు దావీదు అట్లు చేసెను (కీర్తన 35:13).

మనస్సునకు కలుగు బాధయు బాధయే. ఏలీయా బదరీచెట్టు క్రింద కూర్చుండి, తనకు మరణము రావలెనని కోరుకొనెను (1 రాజులు 19). దేవుడు అతనిని గద్దింపలేదు. మొదట నిద్ర ఇచ్చెను. దూతచేత లేపి రొట్టెయు నీళ్లును ఇచ్చెను. మరల నిద్రపోనిచ్చి మరల భోజనము పెట్టెను. ఆ తరువాతనే అతనితో మాటలాడెను. అప్పుల వలన గాని దుఃఖము వలన గాని ఎవరైనను "ఇక బ్రతుకు వద్దు" అనినచో, ఆ మాటను తేలికగా తీసికొనకుడి, నిందింపకుడి. ఒంటరిగా విడువకుడి. ఇంటిలోని పురుగుల మందును అతని చేతికి అందకుండ తీసివేయుడి. భోజనము పెట్టుడి, వైద్యుని యొద్దకు తోడుగా వెళ్లుడి. ప్రభుత్వము వారి టెలీ మానస్ ఫోను నంబరు 14416నకు పిలిచినచో తెలుగులోనే మాటలాడి సలహా ఇత్తురు.

3. సంఘమును పిలుచుట

మీలో ఎవడైనను రోగియై యుంటే ఏమి చేయవలెనో యాకోబు చెప్పుచున్నాడు: సంఘపు పెద్దలను పిలిపింపవలెను, వారు ప్రభువు నామమున నూనె రాచి ప్రార్థింపవలెను. ఇందు గమనింపవలసినవి రెండు. పిలుచుట రోగి పని. పిలువనిదే కొన్ని బాధలు ఎవరికిని తెలియవు. వచ్చుట పెద్దల పని. వారు ఒక్కరుగా కాక కొందరుగా వత్తురు. పాపములను ఒకనితో ఒకడు ఒప్పుకొనుడని కూడ అచ్చట వ్రాయబడియున్నది. రోగి ఒక్కడే ఒప్పుకొనవలెనని కాదు, వచ్చినవారును ఒప్పుకొనవలెను.

రోగి మంచము చుట్టు నిలిచి, ఇది ఏ పాపమునకు ఫలమో యని వెదకుట మన పని కాదు. పుట్టు గ్రుడ్డివానిని గూర్చి శిష్యులు అట్లే అడుగగా, వాడైనను వాని కన్నవారైనను దానికి కారణము కారని ప్రభువు చెప్పెను (యోహాను 9:3). యోబు స్నేహితులు ఏడు దినములు రాత్రింబగళ్లు నోరు తెరువక అతనితో కూడ నేలపై కూర్చుండిరి. అది వారు చేసిన మేలు. నోరు తెరచి కారణములు చెప్పనారంభించినప్పుడే తప్పిపోయిరి. కడకు దేవుడే వారిమీద కోపపడెను (యోబు 42:7).

గనుక రోగిని చూడ వెళ్లునప్పుడు చిన్న కీర్తన ఒకటి చదువుడి, క్లుప్తముగా ప్రార్థించుడి, కొంతసేపు ఊరక కూర్చుండుడి. గిన్నెడు జావ తీసికొనిపోవుడి. నాట్ల దినములైతే వారి మడిలో ఒక పూట పని చేయుడి. వారి గొడ్లకు మేత వేయుడి. ఇదియు ప్రార్థనయే.

4. ముల్లు తీయబడనప్పుడు

మంచి మనస్సుతో ఇవన్నియు చేసినను కొన్ని బాధలు పోవు. అప్పుడు రోగికి విశ్వాసము చాలలేదని అనవచ్చునా? పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి ముమ్మారు వేడుకొనెను. ముల్లు తీయబడలేదు, దానిని భరించుటకు చాలిన కృప ఇవ్వబడెను. తిమోతి తరచుగా అనారోగ్యముతో నుండెను (1 తిమోతికి 5:23). త్రోఫిము రోగియై యుండగా పౌలు అతనిని మిలేతులో విడిచి వచ్చెను (2 తిమోతికి 4:20). వీరిలో ఎవరి విశ్వాసమును తప్పుపట్టుదుము?

మన ప్రభువే గెత్సేమనేలో అవే మాటలు చెప్పుచు ముమ్మారు ప్రార్థించెను. సిలువమీద ఆయన వేసిన కేక 22వ కీర్తన మొదటి మాటయే. మొరపెట్టువారు త్రోవ తప్పినవారు కారు. ప్రభువు నడచిన త్రోవలోనే యున్నారు. కన్నీరు ప్రతిదియు తుడువబడు దినము ఒకటి కలదు (ప్రకటన 21:4). ఆ దినము వరకు ఒకరి కన్నీరు ఒకరము చూచుకొనవలెను.

ఈ మాసములో చేయదగిన అభ్యాసములు

ప్రతి రాత్రి పండుకొనక మునుపు 13వ కీర్తన చదువుడి. చదువురానివారి యింట బడికి పోవు బిడ్డ బిగ్గరగా చదువవచ్చును. తరువాత దావీదు చూపిన వరుసలో మీ సొంత మాటలతో ప్రార్థించుడి: మొదట ఆ దినపు బాధను ఉన్నది ఉన్నట్లు చెప్పుడి, రెండవది, ఏమి కావలెనో అడుగుడి, మూడవది, దేవుడు గతమున చేసిన మేలు ఒక్కటి జ్ఞాపకము చేసికొనుడి. మూడవది ఒకనాడు నోటికి రానియెడల మొదటి రెంటితోనే ముగింపుడి. మరునాడు మరల మొదలుపెట్టుడి.

స్త్రీల సమాజమువారును యౌవనస్థులును పేటలోని రోగుల యిండ్లను పంచుకొని, వారమునకు ఒకమారైనను వెళ్లవలెను. మందు అయిపోయినదా, ఆసుపత్రికి తోడు కావలెనా యని అడిగి, ఆ సంగతి పెద్దలకు తెలుపవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. 13వ కీర్తనలో నాలుగవ వచనమునకును అయిదవ వచనమునకును మధ్య ఏమి మారినది? ఏమి మారలేదు?
2. వాగ్దానము పొందిన హిజ్కియాకు అంజూరపు ముద్ద ఎందుకు కట్టబడెను?
3. యోబు స్నేహితులు చేసిన మేలు ఏది? వారి తప్పు ఏది?
4. మన పేటలో బాధను దాచుకొనియున్నవారు ఎవరు? వారి యింటికి ఈ వారము ఎవరు వెళ్లుదురు?

నాలుగవ ప్రశ్నకు కూటములో బిగ్గరగా ఉత్తరము చెప్పనక్కరలేదు. లేచి వెళ్లుటయే దానికి ఉత్తరము.